కొలువు ముచ్చట: తలా ఒక ఊళ్లో ఉన్న టీమ్‌కు నోరు ఎలా వస్తుంది?

2020 మార్చిలో లాక్‌డౌన్ పడబోతున్నప్పుడు ల్యాప్‌టాప్‌ను సంచిలో వేసుకుని హైదరాబాద్ నుంచి వరంగల్, కరీంనగర్, మంచిర్యాల బస్సులెక్కిన వారిలో కొందరు మళ్లీ అద్దె గదుల మొహం చూడలేదు. అదే ఏడాది జనవరిలో వరంగల్ దగ్గరి మడికొండలో ఐటీ కార్యాలయాలు తెరుచుకున్నాయి, జులైలో కరీంనగర్‌లో ఐటీ టవర్ వచ్చింది. అయినా ఇంట్లో ఓ మూలన బల్ల వేసుకుని అదే ఆఫీసు అనుకుంటున్న వారు మన ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నారు. ఈ నెల వచ్చిన ఉత్తరాలు ఎక్కువగా వారివే కాబట్టి, ఇతర ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి నాలుగింటికి ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: నేను హన్మకొండలో ఇంటి నుంచి పనిచేస్తూ ఒక టీమ్‌కు లీడ్‌గా ఉన్నాను. నాతో కలిపి పదకొండు మందిమి. ఇద్దరు హైదరాబాద్ ఆఫీసుకు వెళ్తారు. మిగిలినవారు కరీంనగర్, మంచిర్యాల, సిరిసిల్ల, నర్సంపేటల్లో ఎవరి ఇళ్లలో వారు ఉంటారు. మీటింగులో నేనొక్కదాన్నే మాట్లాడతాను. ‘ఎవరికైనా సందేహాలున్నాయా’ అంటే పది మ్యూట్ గుర్తులు తప్ప జవాబు కనిపించదు. టీమ్‌లో కలివిడి పెంచమని పైవాళ్లు చెబితే శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఆన్‌లైన్‌లో హౌసీ మొదలుపెట్టాను, మూడో వారానికి నలుగురు మిగిలారు. పోయిన నెల కొత్తగా చేరిన అబ్బాయి పని ముందుకు సాగక మూడు రోజులు ఆగిపోయి కూడా ఎవరికీ చెప్పలేదు. క్లయింట్‌కు ఇచ్చిన మాట తప్పింది. తర్వాత పిలిచి అడిగితే, ‘అడిగితే ఏమనుకుంటారోనని’ అన్నాడు. హౌసీ కాకపోతే ఇంకేం ఆడించాలి మేడమ్?
– ఒక టీమ్ లీడ్, హన్మకొండ

జవాబు: ఏమీ ఆడించకండి. మీరు హౌసీ గురించి అడిగినా, మీ ఉత్తరంలో నేను ఆగి రెండోసారి చదివింది ఆ అబ్బాయి మూడు రోజుల సంగతి.

అతనే మీ పక్క కుర్చీలో కూర్చుని ఉంటే, మొదటి రోజు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచే వేళకు అతని ముఖం చూసి ఎవరో ఒకరు ‘ఏమైంది తమ్మీ’ అని అడిగి ఉండేవారు. ఆఫీసులో సందేహం అడగడానికి మెడ పక్కకు తిప్పితే చాలు. ఇంటి నుంచి అడగాలంటే ఆ సందేహాన్ని వాక్యంగా కూర్చుకోవాలి, పదకొండు మంది చూసే గ్రూపులో అక్షరాల్లో పెట్టాలి, ఎవరూ జవాబివ్వకపోతే ఆ అవమానాన్ని ఒంటరిగా మోయాలి. అడగందే అమ్మయినా పెట్టదంటారు, నిజమే. కానీ అమ్మను అడగడానికి ఎవరూ రెండుసార్లు రాసి చెరిపేసుకోరు. అమెరికాలోని ఎం.ఐ.టి. ఆచార్యుడు థామస్ అలెన్ 1977లో ప్రచురించిన పరిశోధనలో, ఇంజినీర్ల కుర్చీల మధ్య దూరం పెరిగే కొద్దీ వారి మధ్య మాట ఎంత వేగంగా పడిపోతుందో గీత గీసి చూపించాడు. ఆయన కొలిచిన దూరాలు మీటర్లలో ఉన్నాయి. మీ టీమ్‌లో అది నర్సంపేట నుంచి మంచిర్యాల దాకా ఉంది.

మరొక పరిశోధన మీకు ఇంకా దగ్గరిది. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రి బృందాల్లో మందుల పొరపాట్లను లెక్కించినప్పుడు, బాగా పనిచేసే బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువ నమోదైనట్టు కనిపించింది. ఆరా తీస్తే, ఆ బృందాల్లోని వారు జరిగిన పొరపాటును దాచకుండా చెబుతున్నారని, మిగిలినచోట్ల చెప్పడానికే జంకుతున్నారని తేలింది. గూగుల్ సంస్థ 2012లో మొదలుపెట్టి తన సొంత టీమ్‌లను సుమారు 180 దాకా పరిశీలించినప్పుడు కూడా, టీమ్‌లో ఎవరెవరు ఉన్నారన్న దానికంటే, నోరు తెరిస్తే చిన్నబోతామన్న భయం ఉందా లేదా అన్నదే పెద్ద తేడాగా కనబడింది. కాబట్టి మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: పోయిన మూడు నెలల్లో ఎవరైనా ‘నాకు ఇది అర్థం కాలేదు’, ‘నాది ఆలస్యమవుతుంది’ అని చెప్పినప్పుడు గ్రూపులో మీరు మొదట రాసిన మాట ఏమిటి? వెనక్కి జరిపి చూడండి, అక్కడే ఉంటుంది.

ఇది మీ మీద నింద వేయడానికి అడగడం లేదు. నేను చేసిన తప్పు కాబట్టి అడుగుతున్నాను. నేను ఒక కంపెనీలో టీమ్‌ను చూసుకునే రోజుల్లో, సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన ఒక కుర్రవాడు గడువుకు ఒక రోజు ముందు తన పని పూర్తి కాదని గ్రూపులో రాస్తే, ‘ఇప్పుడా చెప్పేది?’ అని రెండు ముక్కల్లో జవాబిచ్చాను. కోపం కూడా లేదు, చేతిలో వేరే పని ఉండి అలా రాశాను. ఎదురుగా అని ఉంటే నా ముఖం చూసి అతను తేలిగ్గా తీసుకునేవాడేమో. తెరమీద ఆ రెండు ముక్కలు మాత్రమే మిగిలాయి. ఆ తర్వాత చాలాకాలం ఆ టీమ్‌లో ఏ ఆలస్యమూ నాకు గడువు రోజు కంటే ముందు తెలియలేదు. చదివినవాడు ఒక్కడు కాదు, అందరూ చదివారు.

మీరు చేయగలిగిన వాటిలో మొదటిది, ఆగిపోవడానికి ఒక కొలత పెట్టడం. ‘ఒక గంటకు మించి పని ముందుకు కదలకపోతే గ్రూపులో రాయాలి’ అన్నది టీమ్ నియమమైతే, రాసినవాడు చేతకానివాడు కాడు, నియమం పాటించినవాడు అవుతాడు. సందేహాలకు వేరే గ్రూపు పెట్టి, జవాబులు కూడా అక్కడే ఇవ్వండి. ‘నాకు విడిగా మెసేజ్ చెయ్యి’ అనడం దయగా అనిపిస్తుంది గానీ, దానివల్ల అదే సందేహం ఉన్న మరో ముగ్గురికి జవాబు అందదు; పైగా అడగడం చాటుగా చేయాల్సిన పని అన్న సంకేతం పోతుంది. మొదటి రెండు వారాలు ఆ గ్రూపులో ఎక్కువ ప్రశ్నలు మీవే ఉండాలి. మీకు తెలియనిది అడగండి, మీరు పొరపడిన చోటు చెప్పండి. లీడ్ అడగని గ్రూపులో ఫ్రెషర్ అడుగుతాడని ఆశపడకూడదు. ‘ఎవరికైనా సందేహాలున్నాయా’ అన్న వాక్యాన్ని కూడా మానేయండి. అందరినీ అడిగిన ప్రశ్నకు జవాబివ్వాల్సిన బాధ్యత ఎవరికీ ఉండదు. ఒకరిని పేరుతో పిలిచి, ‘ఇందులో నీకు అన్నిటికంటే గజిబిజిగా ఉన్నది ఏది?’ అని అడిగితే, గజిబిజి ఉండడం సహజమే అన్నది ప్రశ్నలోనే ఒప్పుకున్నట్టవుతుంది.

రెండో సంగతి మీ హైదరాబాద్ ఇద్దరు. వాళ్లు మంచివాళ్లే అయి ఉంటారు, కానీ చాయ్ తాగుతూ ఇద్దరూ ఒక నిర్ణయానికి వస్తే, మిగిలినవారికి అది వారం తర్వాత తెలుస్తుంది. కొందరు ఆఫీసులో, కొందరు ఇంట్లో ఉండే టీమ్‌లో మనసులు విరిగేది ఎక్కువగా ఇక్కడే. అందరూ ఇళ్లలోనే ఉండే టీమ్‌కు ఈ బెడద తక్కువ, అయినా గుంపులు కట్టడం అక్కడా ఉంటుంది. మైక్రోసాఫ్ట్‌లో అమెరికాలోని 61 వేల మందికి పైగా ఉద్యోగుల 2020 తొలి ఆరు నెలల సమాచారాన్ని పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనం, సంస్థ మొత్తం ఇళ్లకు మారినప్పుడు ఎవరి గుంపులో వారి మాట గట్టిపడి, గుంపుకూ గుంపుకూ మధ్య రాకపోకలు పలచబడ్డాయని చూపింది. మీ పదకొండు మందిలో కూడా అలాంటి గుంపులు ఇప్పటికే ఏర్పడి ఉంటాయి. గ్రూపులో రాయని నిర్ణయం నిర్ణయం కిందికి రాదని తేల్చి చెప్పండి. మీటింగుకు ఒక్కరు తెర మీద నుంచి వచ్చినా, ఆఫీసులో ఉన్న ఇద్దరూ కూడా ఎవరి ల్యాప్‌టాప్ నుంచి వారు చేరాలి. ఒకే గదిలో కూర్చుని గుసగుసలాడుకునే సౌకర్యం కొందరికే ఉండకూడదు. ఒక్క ఆఫీసు కూడా లేకుండా అనేక దేశాల్లో ఉద్యోగులున్న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ, తన పని పద్ధతులన్నీ రాసి ఎవరైనా చదువుకునేలా బయట పెట్టింది. మీకు అంత గ్రంథం అవసరం లేదు. సెలవు ఎవరికి చెప్పాలి, కరెంటు పోతే ఎవరికి ఫోన్ చేయాలి, ఏ పనిని ఎవరు ఆమోదిస్తారు అన్నవి నాలుగు పేజీల్లో రాసి ఉంచినా, కొత్తగా చేరినవారు అడగడానికి సిగ్గుపడే ప్రశ్నల్లో సగం తీరిపోతాయి.

మూడోది మీరు రాయలేదు, నేనే ఊహిస్తున్నాను: మీ మీటింగులు ఇంగ్లిష్‌లో జరుగుతున్నాయి కదూ? క్లయింట్ ఉన్నప్పుడు తప్పదు. క్లయింట్ లేని మీటింగులో పదకొండు మంది తెలుగువాళ్లు ఇంగ్లిష్‌లో మౌనంగా ఉండడం నాకు వింతగా తోస్తుంది. తెలుగు మీడియంలో చదివి, తర్వాత ఇంజినీరింగ్ చేసి వచ్చిన పిల్లలకు సందేహం తెలుగులో పుడుతుంది. దాన్ని అనువదించుకునే లోపల మీరు తర్వాతి అంశానికి వెళ్లిపోతారు. ఇంటి భాషలో అడగనివ్వండి, రాయనివ్వండి. దీనికి తోడు యాస సంగతి ఒకటుంది. ‘గట్లనే’, ‘ఎట్ల జెయ్యాలె’ అన్న మాటకు ఎవరైనా ఒక్క నవ్వు గుర్తు పెట్టినా సరే, ఆ మనిషి మళ్లీ మ్యూట్ తీయడు. ఇది చిన్న విషయమని దాటేసే లీడ్‌లను చాలామందిని చూశాను, వారితో నేను ఏకీభవించను.

ఇక హౌసీ. శుక్రవారం ఆరింటికి ఇంట్లో పొయ్యి వెలిగించాల్సినవారు, పిల్లల్ని ట్యూషన్ నుంచి తెచ్చుకోవాల్సినవారు, ఊరికి బస్సెక్కాల్సినవారు ఉంటారు. ఆట పెట్టదలిస్తే పనివేళల్లో పెట్టండి. నా మట్టుకు నేను సోమవారం మీటింగులో మొదటి పది నిమిషాలు పనికి సంబంధం లేని ముచ్చటకు వదిలేయడమే మేలనుకుంటాను. ఆ పది నిమిషాల్లో మీరు తక్కువ మాట్లాడాలి.

ప్రశ్న: జగిత్యాల దగ్గర పల్లెలో మా ఇంటి నుంచే పనిచేస్తున్నాను, చేరి ఎనిమిది నెలలైంది. ప్రతి మీటింగుకూ కెమెరా పెట్టాల్సిందే అంటారు. మాది రెండు గదుల ఇల్లు. మా అమ్మ బీడీలు చుడుతుంది, నా వెనక తునికాకు కట్టలు, చాటలు కనిపిస్తాయి. ఒకసారి ఎవరో అవేమిటని అడిగితే ఏదో చెప్పి తప్పించుకున్నాను. రోజుకు ఐదారు మీటింగుల తర్వాత తలనొప్పి వస్తుంది. ఇంత చేసినా, ఆఫీసుకు వెళ్లేవారికే మంచి పనులు వస్తున్నాయి. నేను కనిపించకుండా పోతున్నానా మేడమ్?
– ఒక పాఠకురాలు, జగిత్యాల జిల్లా

జవాబు: తలనొప్పి మీ బలహీనత వల్ల వచ్చింది కాదు. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జెరెమీ బైలెన్‌సన్ 2021లో వీడియో మీటింగుల అలసటకు నాలుగు కారణాలు చెప్పాడు: అందరి కళ్లూ అతి దగ్గర నుంచి మనల్నే చూస్తున్నట్టు ఉండడం, మన ముఖం మనకే రోజంతా కనిపిస్తూ ఉండడం, కదలకుండా ఒకేచోట కూర్చోవాల్సి రావడం, మామూలుగా తల ఊపితే సరిపోయే చోట కావాలని సైగలు చేయాల్సి రావడం. మీ ముఖం మీకు కనిపించకుండా చేసే ఏర్పాటు వీడియో సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఉంటుంది, ఈ రోజే పెట్టుకోండి. వెనక భాగాన్ని మసకబరిచే ఏర్పాటు కూడా ఉంటుంది. ముగ్గురు నలుగురు మాట్లాడుకునే మీటింగులో కెమెరా పెడతానని, ఇరవై మంది వినే మీటింగులో గొంతు మాత్రమే ఇస్తానని మీ లీడ్‌తో విడిగా చెప్పండి. ఇంట్లో జాగా తక్కువని కారణం కూడా చెప్పండి. తునికాకు గురించి ఎవరికి చెప్పాలో, చెప్పాలో వద్దో మీ ఇష్టం. మన ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఎందరు తల్లులు ఆ పని చేసి పిల్లల్ని చదివించారో నాకు తెలుసు కాబట్టి నాకైతే ఆ కట్టల్లో దాచాల్సింది ఏదీ కనిపించలేదు, కానీ ఆ గదిలో కూర్చుని ఉన్నది మీరు.

కనిపించకుండా పోవడం గురించి మీరు అనుమానిస్తున్నది నిజంగా జరిగేదే. చైనాలోని సీట్రిప్ అనే ప్రయాణ సంస్థ కాల్ సెంటర్‌లో 2010 చివర మొదలై తొమ్మిది నెలలు సాగిన ప్రయోగంలో, ఇంటి నుంచి పనిచేసినవారి పనితనం 13 శాతం పెరిగింది. కానీ సమానమైన పనితనం చూపినవారిలో ఇంటి దగ్గర ఉన్నవారికి పదోన్నతి అవకాశం తగ్గింది. ప్రయోగం ముగిశాక దాదాపు సగం మంది మళ్లీ ఆఫీసే కావాలన్నారు, ఒంటరితనం అందుకు పెద్ద కారణం. మరో సంగతి, ఆ ప్రయోగంలో చేరాలంటే ఇంట్లో పనికి వేరే గది ఉండాలన్నది షరతు. పెద్ద సంస్థలు ‘ఇంటి నుంచి పని’ అన్నప్పుడు మనసులో ఉండేది ఆ వేరే గది ఉన్న ఇల్లు; మీ రెండు గదుల ఇల్లు ఆ లెక్కలో ఉండదు.

కాబట్టి ప్రతి శుక్రవారం మీ లీడ్‌కు ఆరేడు వాక్యాల్లో రాయండి: ఈ వారం ఏం పూర్తయింది, ఎక్కడ ఆగింది, వచ్చే వారం ఏ పని నేర్చుకోవాలనుకుంటున్నాను. చివరిది ముఖ్యం. మంచి పని ఎవరికివ్వాలా అని ఆలోచించే నిమిషంలో, అడిగినవారి పేరే ముందు గుర్తుకొస్తుంది. మీ కంపెనీకి హైదరాబాద్‌లో ఆఫీసు ఉంటే రెండు నెలలకోసారి వెళ్లి రండి. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్టు ఖర్చు లేకపోయినా రోజంతా ప్రయాణానికే పోతుంది కాబట్టి, ఎవరిని కలవాలో ముందే మాట్లాడుకుని వెళ్లండి.

ప్రశ్న: కరీంనగర్‌లో చిన్న కంపెనీ నడుపుతున్నాను, పద్నాలుగు మంది ఇళ్ల నుంచి పనిచేస్తారు. పది నిమిషాలకోసారి వారి స్క్రీన్ ఫోటో తీసే సాఫ్ట్‌వేర్ వేద్దామనుకుంటున్నాను. టీమ్‌లో క్రమశిక్షణ పెరుగుతుందా?
– ఒక యజమాని, కరీంనగర్

జవాబు: మౌస్ కదిలించడంలో క్రమశిక్షణ పెరుగుతుంది. పద్నాలుగు మంది రోజూ ఏం పూర్తిచేయాలో మీకు స్పష్టంగా తెలిస్తే ఫోటోలు అక్కర్లేదు; తెలియకపోతే ఫోటోలు చూసినా తెలియదు. ఆ డబ్బుతో ఇన్వర్టర్ లేని ఇళ్లకు ఇన్వర్టర్లు కొనివ్వండి. మధ్యాహ్నం కరెంటు పోయి మీటింగు నుంచి మాయమైనవారు దొంగపని చేస్తున్నారన్న అనుమానం మీకు, నమ్మరేమో అన్న భయం వారికి, రెండూ ఒకేసారి తీరతాయి.

ప్రశ్న: మంచిర్యాలలో ఉంటూ అమెరికా క్లయింట్‌కు పనిచేసే తొమ్మిది మంది టీమ్‌ను చూసుకుంటున్నాను. పోయినసారి సద్దుల బతుకమ్మ రోజు సాయంత్రం క్లయింట్ కాల్ పడింది. టీమ్‌లోని ఐదుగురు ఆడపిల్లలు చీరల్లో, హెడ్‌ఫోన్లతో కూర్చున్నారు. ఎవరూ ఏమీ అనలేదు గానీ నాకే బాధనిపించింది. అందరం ఒకసారి కలుద్దామంటే ఎక్కడ, ఎప్పుడు, కలిసి ఏం చేయాలో కూడా తోచడం లేదు.
– ఒక మేనేజర్, మంచిర్యాల

జవాబు: ఎవరూ ఏమీ అనకపోవడాన్ని గమనించారు, సంతోషం. ఇక్కడ చిక్కు గంటల లెక్కలది. బతుకమ్మ రోజుల్లో న్యూయార్క్ సమయం మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ ఉదయం తొమ్మిదింటికి కాల్ పెట్టారంటే ఇక్కడ సాయంత్రం ఆరున్నర, అంటే సరిగ్గా బతుకమ్మలను ఎత్తుకుని ఇంటి నుంచి బయలుదేరే వేళ. క్లయింట్‌కు ఇది తెలిసే దారి లేదు, మీరు చెబితే తప్ప. జనవరిలోనే ఏడాది క్యాలెండర్ పంపండి. మొత్తం తొమ్మిది రోజులకూ కాకపోయినా, ఎంగిలిపూల రోజు, సద్దుల రోజు సాయంత్రం కాల్స్ ఉండవని రాయండి. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘంలో, బుధవారం నుంచి శనివారం దాకా జరుగుతుంది. 2024లో ఫిబ్రవరి 21న మొదలైంది, 2026లో జనవరి 28న. తేదీ మారుతుంది గానీ నెలల ముందే తెలుస్తుంది. మొక్కు ఉన్నవారు ఎవరో ముందుగా అడిగి, జాతరకు వెళ్లనివారు ఆ నాలుగు రోజులు పని చూసుకునేలా, వారికి మరో పండుగకు అదే వెసులుబాటు దొరికేలా సర్దండి. మీ టీమ్‌లో రంజాన్, క్రిస్మస్ జరుపుకునేవారు ఉంటే అవి కూడా అదే క్యాలెండర్‌లో, వారు సెలవు అడగక ముందే ఉండాలి.

కలవడం మూడు నెలలకోసారి సరిపోతుంది. మీవాళ్లు ఏయే ఊళ్లలో ఉన్నారో రాయలేదు గానీ, హన్మకొండ పక్కనున్న కాజీపేట జంక్షన్ కాబట్టి మంచిర్యాల, పెద్దపల్లి వైపు వారు రైల్లో రావచ్చు, హైదరాబాద్ వారికి కూడా అదే దారి, కరీంనగర్ వారికి బస్సుంది. హన్మకొండలో ఒక చిన్న హాలు పగటిపూటకు అద్దెకు తీసుకోండి. రాత్రి దావత్ పెట్టకండి. అందరూ ఇంట్లో అడిగి రాలేరు, తాగేవారు ఒక బల్లకు, తాగనివారు ఒక బల్లకు చేరి మళ్లీ రెండు టీమ్‌లవుతారు. ఉదయం పదింటి నుంచి భోజనం వరకు నిజమైన పనే చేయించండి: ఎప్పుడూ తెర మీద తప్ప కలవని ఇద్దరిద్దరిని పక్కపక్కన కూర్చోబెట్టి, వారి మధ్య నలుగుతున్న ఒక పనిని పూర్తిచేయమనండి. ఫోన్‌లో కటువుగా వినిపించే మనిషి పక్కన కూర్చుని ఓపికగా చెప్పడం ఒకసారి చూసినవారు, తర్వాత అతని మెసేజ్‌ను వేరే గొంతుతో చదువుకుంటారు. ఉపన్యాసాలు వద్దు, మీది కూడా. భోజనం తర్వాత నాలుగు గంటల దాకా ఏ కార్యక్రమమూ పెట్టకండి. వేయిస్తంభాల గుడికి నడిచి వెళ్లేవారు వెళ్తారు, కూర్చుని ముచ్చట పెట్టుకునేవారు పెట్టుకుంటారు. చీకటి పడే లోపు అందరూ రైలో బస్సో ఎక్కాలి. ప్రయాణం, హాలు, భోజనం ఖర్చు కంపెనీదే కావాలి. తలా ఐదు వందలు వేసుకుందామని గ్రూపులో ఎవరైనా ఉత్సాహంగా రాస్తే, ఆ మాట అక్కడితో ఆపి, లెక్క మీరే పైకి పంపండి. వేయలేనివారు ఎవరో బయటపడేలా ఆ గ్రూపులో జాబితా తిరగకూడదు.